బేగారి మూట

మా తాత ఊరి బేగారి. మా చిన్నబాపు దుబాయ్ జైల్లో ఖైదీ. ఈ రెండు మాటలకు నడుమ డెబ్బై ఏండ్ల దూరం ఉన్నది. ఆ దూరంలో ఏమేం ఉన్నయో తెలుసుకోవడానికి నాకు ఐదేండ్లు పట్టింది. ఆ ఐదేండ్లు నేను పోలీసు స్టేషన్ల అరుగుల మీద, కోర్టు చెట్ల కింద, నోటరీల బల్లల ముందర గడిపిన. నేను సర్కారు బడిలో సోషల్ చెప్పే పంతులును. నేను చెప్పే పుస్తకంలో మా తాత లేడు. మా చిన్నబాపు మాత్రం ఒకరోజు పేపర్లో నాలుగు వరుసల్లో కనబడ్డడు. గంజాయితో పట్టుబడ్డ జగిత్యాల వాసి అని రాసిండ్రు. ఇంటిపేరు తప్పు రాసిండ్రు. మా సంగతి మేం రాసుకోకపోతే ఇట్లనే ఉంటది. అందుకే రాస్తున్న.

నిజాం రాజ్యంలో బేగారి అంటే ఎవరో ఈనాటి పిల్లలకు చెప్పాలి. ఊరికి గిర్దావరు వచ్చినా, పోలీసు అమీను వచ్చినా వాళ్ల పరుపు చుట్ట, పెట్టె, వంట సామాను, పటేలు ఇచ్చిన కోళ్లు, నెయ్యి కుండ అన్నీ మాల మాదిగల తలల మీదికే ఎక్కేవి. పక్క ఊరి దాకా మోసి, అక్కడి బేగారి తలకెత్తి తిరిగి రావాలి. కూలి లేదు. రాత్రి లేదు, పగలు లేదు. పెండ్లాం నొప్పులు పడుతున్నా పోవాలి. అన్నిటికన్న పెద్ద కట్టుబాటు ఇంకొకటి ఉన్నది. మూటలో ఏమున్నదని అడగొద్దు. అడిగే నోరు బేగారికి లేదు. మూటలో ఏదన్నా తక్కువైతే మాత్రం దొంగ బేగారే. ఒకసారి నెయ్యి కుండకు నెర్రె పట్టి కారిపోతే, తాగిండని మా తాతను చావడి ముందర ఎండలో వంగబెట్టి వీపు మీద బండ పెట్టిండ్రట. మా నాయనమ్మ ఈ ముచ్చట చెప్పినప్పుడల్లా తన నడుము తనే పట్టుకునేది.

1930లో జోగిపేటలో మొదలైన ఆంధ్ర మహాసభ వెట్టి గురించి మాట్లాడింది. అంతకు రెండేండ్ల ముందే, 1928లో, బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో మహర్ల వతన్ చాకిరీ మీద బిల్లు పెట్టిండు. తర్వాత రాజ్యాంగం 23వ అధికరణంలో బలవంతపు చాకిరీని నిషేధించిండ్రు. ఇంగ్లిషు పాఠంలో సుత 'బేగార్' అనే మాట అట్లనే ఉన్నది. ఇంగ్లిషు వాళ్ల భాషలో దానికి సరిపోయే మాట దొరకలేదేమో. మా తాత చాకిరీ పేరు ఈ దేశ రాజ్యాంగంలో అచ్చయి ఉన్నదని ఏటా తొమ్మిదో తరగతి పిల్లలకు నేను గర్వంగా చెప్పేటోన్ని.

చట్టం వచ్చినా మా ఊళ్లకు వెట్టి పోయింది చట్టంతోని కాదు. 1978 సెప్టెంబరులో జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. మా బాపుకు అప్పుడు ఇరవై మూడేండ్లు. ఎండ్ల బండ్ల మీద, కాలినడకన పోయిన వేలమందిలో ఆయన ఒకడు. తిరిగొచ్చి దొర గడీకి చెప్పులు కుట్టిచ్చుడు బంద్ పెట్టిండు. అక్టోబరులోనే సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతమని ప్రకటించిండ్రు. ఊర్లల్ల పోలీసు క్యాంపులు దిగినయి. పోరగాళ్లు కొందరు అడవి పట్టిండ్రు, కొందరు బొంబాయి పట్టిండ్రు. బొంబాయి మీదుంగ మస్కట్, దుబాయ్. 1973లో చమురు ధర పెరిగినంక అక్కడ మేడలు, రోడ్లు లేస్తున్న కాలం అది. వాటికి తట్ట మోసే తలకాయలు కావాలి. మోసే తలకాయలు మా దగ్గర తరతరాలుగా తయారై ఉన్నయి.

మా చిన్నబాపు బాపు కన్న పదిహేనేండ్లు చిన్న. అప్పుతోని 2003లో పోయిండు. ఆయన పాస్‌పోర్టు మీద ఎమిగ్రేషన్ చెక్ ముద్ర ఉండేది. పది పాసు కానోళ్లకు వేసే ముద్ర. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం, చదువు రానోనికి కాపలా అవసరమని ఒప్పుకున్న చట్టం. కాపలా మాత్రం ఆ ముద్రతోనే అయిపోతది. ఆయన క్యాంపులో ఎనిమిది మందితోని ఒక రూములో ఉండి, మేస్త్రీ కింద సిమెంటు మోసి పంపిన పైసలతోనే నా డిగ్రీ, నా బీఈడీ అయినయి. మా వంశంల డిగ్రీ చదివిన మొదటోన్ని నేను. 2012 డీఎస్సీలో నాకు నౌకరీ వస్తే ఫోన్ల ఏడ్చిండు. 'ఇగ మన ఇంట్ల మోసుడు నాతోనే ఆఖరు బిడ్డా' అన్నడు.

2013 డిసెంబరులో ఛుట్టీ మీద వచ్చిండు. జనవరిలో తిరుగు ప్రయాణం. పోయే ముందు రోజు సాయంత్రం కార్టన్ డబ్బా కడుతున్నం. మామిడి తొక్కు, ఎండు చేపలు, సంక్రాంతి సకినాలు, ఎల్లిపాయ కారం. అప్పుడు మా ఊరి పెద్దింటి అల్లుడు మోటారు సైకిల్ మీద వాడకొచ్చిండు. మా వాడకు ఆయన రావడమే మాకు గొప్పనిపించింది. దిగలేదు. బండి మీద నుంచే ఒక మూట ఇచ్చిండు. రెండు కిలోల లోపే. బ్రౌన్ టేపు గట్టిగ చుట్టి ఉన్నది. 'మా తోడల్లునికి మోకాళ్ల నొప్పులు. పసరు మందు పొడి. క్యాంపు కాడికొచ్చి తీస్కపోతడు' అన్నడు.

ఇప్పి చూద్దామా అని నాకు అనిపించింది. నిజం రాస్తున్న, అనిపించింది. చిన్నబాపు మొకం చూసిన. 'పెద్దింటోళ్లు ఇచ్చినదాన్ని ఇప్పుతమా' అని ఆయన మెల్లగ అన్నడు. నేను ఊకున్న. ఆ మూటను తొక్కు డబ్బా పక్కన సర్దింది నేను. సుతిలి బిగించి కట్టింది నేను. మార్కర్ పెన్నుతో పేరు, పాస్‌పోర్టు నంబరు రాసింది నేను. 23వ అధికరణం పాఠం చెప్పే పంతులును నేను.

మూడో రోజు రూములో ఉండే నిజామాబాద్ పిలగాడు ఫోన్ చేసిండు. 'అన్నా, మీ చిన్నబాపు విమానం దిగిండు గని ఏర్పోర్టు బయటికి రాలేదు.' వారానికి గాని సంగతి తెల్వలేదు. పొడి కింద గంజాయి ఉన్నదట. చిన్నమ్మ బీడీల చాట పక్కకు పెట్టి, 'గంజాయంటే ఎట్లుంటదో గూడ ఆయనకు తెల్వదు గదరా' అన్నది. తర్వాత మళ్లీ చాట ముందర వేసుకున్నది. పొద్దుగూకే లోపల వెయ్యి బీడీల లెక్క చెప్పాలి కదా.

ఊరు ఏమన్నదో చెప్పాలి. ఊళ్లో ఏ దొంగతనమైనా ముందు మా వాడకే వచ్చి వెతికే అలవాటు ఎప్పటి నుంచో ఉన్నది. ఈసారి వెతకాల్సిన అవసరమే లేకపోయింది. 'దుబాయ్ పైసలు గిట్లనే వచ్చినయన్నట్టు' అన్నరు. మా పెంకుటిల్లు పడగొట్టి వేసిన స్లాబు వైపు వేలు చూపిండ్రు. స్టాఫ్ రూములో ఒక సారు నవ్వుకుంట, 'మీ ఇంట్ల సరుకు దొరుకుతదా' అని అడిగిండు. నేను నవ్వలేదు. చిన్నబాపు బిడ్డ బడి మానేసింది. మూడు నెలలు తిరిగి మళ్లీ తీస్కపోయి కూసోబెట్టిన.

చిన్నబాపు నుంచి మొదటి ఫోన్ నలభై రోజులకు వచ్చింది. నాలుగే నిమిషాలు. ఏదన్న కాయితం మీద సంతకం పెట్టినవా అని అడిగిన. పెట్టిన అన్నడు. అరబ్బీ కాయితం. చదివి చెప్పినాయన హిందీ మాట్లాడిండట. మా చిన్నబాపుకు వచ్చింది క్యాంపు హిందీ, 'పానీ లావ్, జల్దీ కరో' వరకే. 'ఏం రాసి ఉన్నదో తెల్వకుండ ఎట్ల పెట్టినవ్ చిన్నబాపూ' అని అరిచిన. 'నాకొచ్చిన సంతకం ఒక్కటే గద బిడ్డా, నువ్వు నేర్పిందే పెట్టిన' అన్నడు.

ఆ సంతకం నేనే నేర్పిన. అక్షరజ్యోతి రోజుల్లో నాకు ఏడేండ్లు. ఇంట్ల పలక మీద చెయ్యి పట్టుకొని రాపిచ్చిన. వేలిముద్ర వెయ్యొద్దు, మన భూములు అట్లనే పోయినయని బాపు అనేటోడు. సంతకం ఒక్కటే నేర్పితే సరిపోదని, చదవనిదే పెట్టకని చెప్పడం సుత నేర్పాలని ఏడేండ్ల పోరనికి ఎట్ల తెలుస్తది?

అప్పుడు అక్కడ నడుస్తున్నది 1995 నాటి 14వ నంబరు మత్తుపదార్థాల చట్టం. సొంతానికి వాడినా కనీసం నాలుగేండ్లు. దాన్ని రెండేండ్లకు తగ్గించింది 2016లో. 2022 జనవరి నుంచి కొత్త చట్టం నడుస్తున్నది. చిన్నబాపు మీద పెట్టింది వాడిన నేరం కాదు, దేశంలోకి తెచ్చిన నేరం. ఒక తేడా ఇక్కడ అర్థం చేసుకోవాలి. సిరిసిల్ల ప్రాంతం కూలీలు దుబాయ్‌లో హత్య కేసులో పడ్డరు. నేపాల్ పోయి చనిపోయినాయన కుటుంబానికి పరిహారం ఇచ్చి క్షమాపత్రం తెచ్చినా వాళ్లు ఇల్లు చేరే సరికి 2024 ఫిబ్రవరి అయింది, పద్దెనిమిదేండ్లు పోయినయి. అయినా ఆ కేసులో పోయి కాళ్లు పట్టుకోవడానికి ఒక ఇల్లున్నది. గంజాయి కేసులో ఫిర్యాదుదారు రాజ్యమే. ఏ గడపకు పోవాలి?

వకీలు ఒకే మాట చెప్పిండు. 'మూట ఇచ్చినోడు ఉన్నడని కాయితం మీద చూపియ్యి. మీ ఊళ్లె కేసు కాకపోతే అక్కడి జడ్జి ఎందుకు నమ్మాలె?' నేను స్టేషన్‌కు పోయిన. అర్జీ తీసుకున్నోళ్లు చదివి వెనక్కి ఇచ్చిండ్రు. 'సారూ, నౌకరీ ఉన్నది, మంచిగ చేస్కో. పెద్దింటోళ్ల మీద గంజాయి కేసంటే రేపు నీ మీదికే వస్తది. డబ్బా కట్టింది నువ్వే అంటున్నవ్ గద' అన్నరు. ఆ మాట నిజం. నేను మూడు రాత్రులు నిద్రపోలేదు. డబ్బా కట్టింది చిన్నమ్మ అని రాస్తే నా నౌకరీ బచాయిస్తది. అట్ల రాయమని చిన్నమ్మనే చెప్పింది. 'నీ నౌకరీ పోతే ఇద్దరు పోయినట్టు' అన్నది. నాలుగో రోజు కట్టింది నేనే అని రాసి, సంతకం పెట్టి, స్టేషన్‌లో తీస్కోలేదని కోర్టులో ప్రైవేటు కంప్లైంటు వేసిన. క్రిమినల్ ప్రొసీజర్ కోడు 156వ సెక్షన్‌లో మూడో ఉపసెక్షన్ కింద మెజిస్ట్రేటు ఆర్డరు ఇస్తే, జులైలో ఎఫ్ఐఆర్ అయింది.

ఆ నడుమనే 2014 జూన్ 2న రాష్ట్రం రెండయింది. ఆఫీసుల బోర్డులు మారుతున్నయి, ఫైళ్ల మూటలు లారీలకు ఎక్కుతున్నయి. తెలంగాణ వచ్చిన సంబురంలో ఊరంత రంగులు చల్లుకుంటుంటే నేను సుత చల్లుకున్న. మరునాడు మళ్లీ కాయితాలు పట్టుకొని బస్సెక్కిన. ఎఫ్ఐఆర్‌కు ఇంగ్లిషు తర్జుమా, దాని మీద నోటరీ, రాష్ట్ర ప్రభుత్వ ముద్ర, విదేశాంగ శాఖ ముద్ర, ఢిల్లీలో వాళ్ల రాయబార కార్యాలయం ముద్ర, ఆఖరుకు అరబ్బీ తర్జుమా. జీతం మీద బ్యాంకు లోను తీసిన. చిన్నమ్మ పుస్తెలు కుదువ పెట్టింది. బాపు ఉన్న పది గుంటలు అమ్ముతనన్నడు, నేను వద్దన్న.

ఆగస్టులో కింది కోర్టు పదేండ్లు జైలు, యాభై వేల దిర్హాములు జుర్మానా, ఆ తర్వాత దేశ బహిష్కారం అన్నది. అప్పీలుకు పదిహేను రోజులే గడువు. మన కాయితాలు అప్పీలు వాయిదాల నాటికి అందినయి. డిసెంబరులో పది ఏడయింది. నేరం మాత్రం కొట్టెయ్యలేదు. మూడేండ్లు తగ్గడమంటే ఏందో బయట ఉన్నోళ్లకు అర్థం కాదు. చిన్నమ్మ వేళ్లు మడిచి లెక్క పెట్టి, 'అయితే బిడ్డ పెండ్లికి వస్తడు' అన్నది.

2015 ఫిబ్రవరిలో విదేశాంగ శాఖ మదద్ అనే పోర్టల్ పెట్టింది. అందులో అర్జీ పెట్టినంక ఆయన ఏ జైల్లో ఉన్నడు, బీపీ మందులు అందుతున్నయా అనే సంగతులు తెలిసేవి. భారత్‌కూ యుఏఈకీ నడుమ 2011లో ఖైదీల బదిలీ ఒప్పందం ఉన్నదని, మిగిలిన శిక్ష ఇక్కడి జైల్లో అనుభవించవచ్చని చదివిన. సంబురంగ చిన్నబాపుకు ఫోన్ల చెప్పిన. ఆయన శానా సేపు మాట్లాడలేదు. 'వద్దు బిడ్డా. ఇక్కడుంటే నేను దుబాయ్‌ల ఉన్న. అక్కడికొస్తే నేను జైల్ల ఉన్న. పిల్లలు ములాఖత్‌కు వచ్చి నన్ను గట్ల చూడొద్దు' అన్నడు. చట్టం ఇచ్చిన ఒక్క దారిని మా ఊరి నోరు మూసేసింది.

మన చట్టం వేరుగా ఉంటదనుకున్న. వకీలు నవ్వి ఎన్‌డీపీఎస్ చట్టం పుస్తకం చేతిల పెట్టిండు. 1985 నాటి చట్టం. 35వ సెక్షన్ ప్రకారం, నిందితునికి ఆ ఉద్దేశం ఉన్నదని కోర్టు ముందే అనుకుంటది. లేదని రుజువు చేసుకోవలసింది నిందితుడే. ఇరవై కిలోల పైన గంజాయి దొరికితే కనీసం పదేండ్లు, బెయిలు దొరకడం శానా కష్టం. విశాఖ ఏజెన్సీ నుంచి కావడి మీద, బుజం మీద కూలికి మోసుకొచ్చే ఆదివాసీ పోరగాళ్లు ఈ చట్టం కిందనే జైళ్లల్ల ఉన్నరు. పెట్టుబడి పెట్టినోని చేతికి ఆకు వాసన సుత అంటదు. నెయ్యి కుండ ఎవనిదో అడగకుండ బేగారి వీపు మీద బండ పెట్టిన న్యాయానికీ దీనికీ తేడా ఏందో నాకు ఎవరన్నా చెప్పాలి.

2018లో మా ఊరి కేసు, సాక్ష్యాలు చాలవని మూసేసిండ్రు. మూట ఇచ్చినప్పుడు చూసినోళ్లంత మా వాడోళ్లే, వాళ్ల సాక్ష్యం సాక్ష్యం కాలేదు. అంతకుముందే పెద్దమనుషులు రెండు సార్లు రాజీకి పిలిచిండ్రు. ఇంత సొమ్ము తీస్కొని పేరు వాపసు తీస్కోమన్నరు. బాపు ఒక్క మాట అన్నడు. 'మోసిన కూలి అప్పుడియ్యలేదు, ఇప్పుడెందుకు?'

2019 రంజాన్ ముందర ఇచ్చిన క్షమాభిక్షలో చిన్నబాపు పేరు వచ్చింది. జుర్మానా సుత మాఫీ అయింది. ఐదేండ్ల నాలుగు నెలలు. శంషాబాద్ ఏర్పోర్టులో అందరు ట్రాలీలు నెట్టుకుంట వస్తున్నరు. ఆయన ఒక్క ప్లాస్టిక్ కవరు పట్టుకొని వచ్చిండు. అందుకుందామని చెయ్యి చాపిన. ఇయ్యలేదు. ముందు కవరు తెరిచి, లోపలున్న తువ్వాల, బీపీ గోలీలు, బిడ్డ ఫోటో నాకు చూపిచ్చి, అప్పుడు ఇచ్చిండు. నేను ఏర్పోర్టులోనే ఏడ్చిన. డబ్బా కట్టిన సంగతికి మాఫీ అడిగిన. 'నువ్వొక్కనివే కట్టినవా, మీ తాత సుత కట్టిండు' అన్నడు. అది మాఫీనా కాదా నాకు ఇప్పటికీ తెల్వదు.

2025 మార్చిలో పార్లమెంటుకు ఇచ్చిన లెక్క ప్రకారం విదేశీ జైళ్లల్ల ఉన్న భారతీయులు పదివేల పైన. అందులో సౌదీ, యుఏఈలలోనే ఐదువేల పైన. వాళ్లలో ఎంతమందికి మూట వేరేవాళ్లు ఇచ్చిండ్రో, ఎంతమంది ఏ వాడల నుంచి పోయిండ్రో చెప్పే గడి ఆ లెక్కలో లేదు. ఆ లెక్క మనమే తీయాలి. విద్యార్థులు, కార్యకర్తలు ఊరూరికి పోయి రాయాలి.

రాయడం ఒక్కటే కాదు, చెప్పవలసినవి ఉన్నయి. మన మసాలాల్లో వేసుకునే గసగసాలు యుఏఈలో నిషేధం. ఇక్కడ డాక్టరు రాసే కొన్ని నొప్పి గోలీలు అక్కడ నేరం. పట్టుబడితే మన రాయబారుల ఆఫీసుకు తెలియజేయమని అడిగే హక్కు 1963 వియన్నా ఒప్పందం 36వ అధికరణం ఇచ్చింది. తెలిసిన భాషలో చెప్పేదాకా సంతకం పెట్టననే మాటను హిందీలో, అరబ్బీలో బట్టీ పట్టించాలి. సాయానికి 2009 నుంచి భారతీయ సమాజ సంక్షేమ నిధి ఉన్నది. ఇవన్నీ నేను ఇప్పుడు 23వ అధికరణంతో పాటే చెప్తున్న. పరీక్షలో రావు.

మొన్న 2023లో మా వాడ నుంచి ఒక పిలగాడు ఖతర్ పోతున్నడు. డబ్బా కట్టేటప్పుడు నన్ను పిలిచిండ్రు. నాకంటే ముందే చిన్నబాపు వచ్చి కూసున్నడు. జైలు నుంచి వచ్చినంక ఆయన ఎక్కువ మాట్లాడడు. కట్టిన సుతిలి ఇప్పిండు. ఒక్కొక్క మూట బయటికి తీసి, టేపు కోసి, వేలు పెట్టి కలిపి చూసిండు. ఊళ్లె నుంచి ఒక పెద్దాయన పంపిన స్వీటు డబ్బా సుత విప్పిండు. తెచ్చిన మనిషి, 'ఏందయ్యా, మా మీద నమ్మకం లేదా' అని గరమైండు. చిన్నబాపు తల ఎత్తలేదు. లడ్డూలు ఒక్కొక్కటి పగలగొట్టి చూసి మళ్లీ డబ్బాలో పెట్టిండు. ఆ తర్వాత పిలగాని తల్లి పెట్టిన తొక్కు డబ్బా మూత సుత తీసిండు.

'అవ్వదైనా సరే ఇప్పి చూడాలె బిడ్డా' అన్నడు. 'మోసేది నువ్వు.'